పాపప్‌ల గోల వదలాలంటే: ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చేసి చూడండి

పర్లాకిమిడిలో నాది చిన్న డీటీపీ షాపు. తెలుగులో శుభలేఖలు, ఒడియాలో దరఖాస్తులు కొట్టడం నా పని. కానీ షాపుకొచ్చే వాళ్లలో చాలామంది పని అయ్యాక కుర్చీలోంచి లేస్తూ ఇంకోటి అడుగుతారు. "ఏటి బాబూ, మా కంప్యూటర్ తెరిస్తే చాలు, కుడిపక్క కింద ఏవేవో బొమ్మలొచ్చి పడతన్నాయి. వైరస్సంటావా?" గునుపురం, రాయగడ నుంచి చుట్టాలు కూడా ఇదే అడగడానికి ఫోన్ చేస్తారు. ఒక్కొక్కరికీ ఫోన్లో "పైన మూడు చుక్కలు కనబడుతున్నాయా పిన్నీ, వాటి మీద నొక్కు" అని చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను. ఇది విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్లకు. ఆఫీసు వాళ్లో కాలేజీ వాళ్లో ఇచ్చిన లాప్‌టాప్ అయితే మీరు చేయి పెట్టకండి, ఇచ్చినవాళ్లకే చూపించండి.

ముందే ఒక మాట. నా దగ్గరకు వచ్చే వాటిలో ఎక్కువ భాగం వైరస్ కాదు. ఎప్పుడో ఏదో సైటులో "అలౌ" అని కనబడితే మనమే నొక్కాం, ఆ సైటు మనమిచ్చిన అనుమతితోనే ప్రకటనలు పంపుతోంది. దీనికి ఫార్మాట్ కొట్టించడమంటే ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

మీది ఏ రకం?

ఐదు నిమిషాలు ఊరికే గమనించండి. ఇది తెలిస్తే సగం పని అయినట్టే.

కుడి మూల కింద చిన్న పెట్టెలా వచ్చి, "మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు", "లోన్ రెడీ", రమ్మీ అంటూ కనబడి మాయమవుతుంటే అది నోటిఫికేషన్. ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఏదో సైటు పేరు ఉంటుంది. కాగితం మీద రాసుకోండి. మొదటి మెట్టుతోనే మీ పని అయిపోవచ్చు.

బ్రౌజర్ (క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ లాంటివి) తెరిచినప్పుడే గొడవ మొదలై, గూగుల్‌లో వెతికితే ఇంకేదో సెర్చ్ పేజీకి పోతున్నా, నొక్కకుండానే కొత్త ట్యాబులు పుడుతున్నా ఎక్స్‌టెన్షన్‌ని, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రామ్‌ని అనుమానించండి.

మీరు బ్రౌజర్ ముట్టుకోకుండానే అది దానంతటదే తెరుచుకుని ప్రకటన చూపిస్తుంటే లోపల ఏదో ప్రోగ్రామ్ దిగింది.

ఇక ఒకే ఒక్క సైటులో మాత్రమే, అదీ ఉచితంగా సినిమాలు చూపించే సైటులో, ఎక్కడ నొక్కినా ప్రకటన వస్తుంటే మీ కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. ఆ సైటే అంత. మీరెంత శుభ్రం చేసినా అది మారదు, అక్కడికి వెళ్లడం మానడమే మందు.

ఏమేం కావాలి

గంటన్నర తీరిక. కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. కొంచెం డేటా: ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ముఖ్యమైన ఫొటోలు, కాగితాలు కాపీ చేసుకోవడానికి ఒక పెన్‌డ్రైవ్. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి. డెస్క్‌టాప్ అయితే కరెంటు పోయే వేళ కాకుండా చూసుకోండి, స్కాన్ మధ్యలో పోతే మళ్లీ మొదటినుంచే. కాగితం, పెన్ను కూడా దగ్గర పెట్టుకోండి. ఏం తీశారో రాసుకోకపోతే తర్వాత ఏది పనిచేయకపోయినా ఎందుకో తెలియదు.

పని పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్లో బ్యాంకు సైటు తెరవకండి.

1. నోటిఫికేషన్ అనుమతులు తీసేయండి

క్రోమ్‌లో: పైన కుడిపక్క మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. కిందికి జరిగితే అనుమతి ఉన్న సైట్ల జాబితా వస్తుంది. మీరు గుర్తుపట్టని ప్రతి పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి "బ్లాక్" పెట్టండి. "రిమూవ్" పెడితే ఆ సైటు ఇంకోసారి అడగగలదు, బ్లాక్ పెడితే అడగలేదు. అందుకే నేను బ్లాకే పెడతాను.

ఎడ్జ్‌లో సెట్టింగ్స్ తెరిచి పైనున్న వెతికే పెట్టెలో "నోటిఫికేషన్స్" అని ఇంగ్లీషులో కొట్టండి, చోటు అదే చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కిందికి వెళితే పర్మిషన్స్, అందులో నోటిఫికేషన్స్ పక్కన ఉన్న బటన్. ఇంట్లో రెండు బ్రౌజర్లు వాడుతుంటే రెండింటిలోనూ చేయాలి. చాలామంది క్రోమ్‌లో తీసేసి, ఎడ్జ్ సంగతి మరిచిపోయి "నువ్వు చెప్పింది పనిచేయలేదు" అని మళ్లీ ఫోన్ చేస్తారు.

అసలు ఏ సైటూ అడగకుండా క్రోమ్ నోటిఫికేషన్స్ పేజీలో పైన ఒక ఆప్షన్ ఉంది. నాకు అదే ఇష్టం. వాట్సాప్ వెబ్ మెసేజ్ వచ్చినప్పుడు చప్పుడు కావాలంటే దాన్ని ఒక్కదాన్ని అనుమతించిన జాబితాలో చేర్చుకోండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు చెబుతాను. కాశీపురంలో ఉండే మా పిన్ని, ప్రకటన వచ్చిన ప్రతిసారీ దాని మీదే నొక్కి "వద్దు" అని చెప్పబోయేది. అది ఇంకో పేజీకి తీసుకెళ్లేది. అక్కడ "మీరు మనిషే అని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని ఉండేది. పాపం, అదీ నొక్కేది. నేను చూసేసరికి జాబితాలో నలభై పైగా సైట్లు. ప్రకటన మీద ఎక్కడా నొక్కకండి, లోపల కనబడే "అన్‌సబ్‌స్క్రైబ్" మీద కూడా. తీసేయాల్సింది సెట్టింగ్స్‌లోనే.

క్రోమ్ మూసేశాక కూడా ప్రకటనలు వస్తుంటే సెట్టింగ్స్, సిస్టమ్‌లోకి వెళ్లి, క్రోమ్ మూసినా వెనకాల యాప్‌లు నడపమనే బటన్ ఆపేయండి.

ఇంతవరకు చేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఓ పూట వాడి చూడండి. ఆగిపోతే మిగతా మెట్ల జోలికి వెళ్లక్కర్లేదు.

2. ఎక్స్‌టెన్షన్లు

మూడు చుక్కలు, ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్. ఒక్కో దాన్ని చూసి "ఇది నేను పెట్టానా?" అని అడగండి. పిల్లల్ని కూడా పిలిచి అడగండి. పీడీఎఫ్‌ని వర్డ్‌గా మార్చేవి, వీడియో డౌన్‌లోడ్ చేసేవి, కూపన్లు వెతికేవి, "కొత్త ట్యాబ్" అందంగా చేసేవి: ఎక్కువగా దొరికే దొంగలు వీటిలోనే ఉంటాయి. అన్నీ చెడ్డవని కాదు. కానీ అనుమానం ఉంటే తీసేయండి, అవసరమైతే రేపు మళ్లీ పెట్టుకోవచ్చు.

పక్కనున్న నీలం బటన్ ఆపితే చాలదు, "రిమూవ్" నొక్కాలి. రిమూవ్ లేదు, అడ్మినిస్ట్రేటర్ పెట్టాడు అంటోందా? ఇల్లు మీది, అడ్మినిస్ట్రేటర్ మీరే, మరి పెట్టిందెవరు? అలాంటిది ఆరో మెట్టులో పోతుంది.

3. మీకు తెలియకుండా దిగిన ప్రోగ్రాములు

సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ (విండోస్ 10లో యాప్స్ అండ్ ఫీచర్స్). జాబితాను తేదీ ప్రకారం పేర్చండి. గొడవ ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు, దాని ముందు రోజు దిగినవే మీ ముద్దాయిలు.

మన వైపు దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది, షాపు నడిపేవాణ్ని కాబట్టి తెలుసు. ఇక్కడ తెలుగు ఫాంట్ కావాలి, ఒడియా ఫాంట్ కూడా కావాలి. కొనేవి ఖరీదని, డీటీపీ ఫాంట్లూ కీబోర్డు సాఫ్ట్‌వేరూ ఎక్కడో ఉచితంగా దొరికాయని దించుకుంటారు. ఆ ఇన్‌స్టాలర్‌లో ఫాంటుతోపాటు మరో నాలుగు వస్తాయి. "నెక్స్ట్, నెక్స్ట్" నొక్కుకుంటూ పోతాం, మధ్యలో టిక్కు పెట్టి ఉన్న గడిని చూడం. నేనూ ఒకసారి శుభలేఖ తొందరలో ఇలాగే ఒకటి దించి, మూడు రోజులు షాపు కంప్యూటర్ చుట్టూ తిరిగాను. మామూలు టైపింగ్‌కి ఇవేమీ అక్కర్లేదు. విండోస్‌లోనే టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళితే తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ ఉచితంగా ఉన్నాయి.

పీసీని వేగం చేస్తామనేవి, డ్రైవర్లు అప్‌డేట్ చేస్తామనేవి, మీరెన్నడూ వినని బ్రౌజర్లు కనబడితే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తీసేటప్పుడు జాగ్రత్త: కొన్ని "ఉంచండి" అనే బటన్‌ని పెద్దగా పచ్చగా పెట్టి, "తీసేయండి"ని బూడిద రంగులో చిన్నగా పెడతాయి. చదివి నొక్కండి.

ముట్టుకోకూడనివి: మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్, డాట్‌నెట్, ఇంటెల్, ఏఎండీ, రియల్‌టెక్ పేర్లున్నవి, ప్రింటర్ పేరున్నవి. విజువల్ సీ ప్లస్ ప్లస్ ఏడెనిమిది సార్లు కనబడితే కంగారుపడకండి, అది మామూలే. గజపతి జిల్లాలోనే ఒకాయన అన్నీ దొంగలేనని తీసేసి, ప్రింటర్ పనిచేయడం లేదని దాన్ని సంచిలో పెట్టుకుని నా దగ్గరకొచ్చారు.

4. కంప్యూటర్‌తోపాటు లేచేవి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్. తెలియని పేరు మీద కుడి బటన్ నొక్కి డిసేబుల్ చేయండి. ఇక్కడ పొరపాటు చేసినా ప్రమాదం లేదు, మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు.

గంటకోసారి, లేదా రోజూ ఒకే వేళకి బ్రౌజర్ దానంతటదే తెరుచుకుంటుంటే స్టార్ట్‌లో టాస్క్ షెడ్యూలర్ అని వెతికి తెరవండి. ఎడమపక్క లైబ్రరీ మీద నొక్కి, ప్రతి దాని "యాక్షన్స్" చూడండి. అందులో ఏదైనా వెబ్ అడ్రసు ఉంటే దొరికినట్టే. వెంటనే డిలీట్ చేయకండి. డిసేబుల్ చేసి రెండు రోజులు చూసి, అప్పుడు తీసేయండి. మైక్రోసాఫ్ట్ పేరున్న ఫోల్డర్ లోపలికి మాత్రం వెళ్లొద్దు.

5. స్కాన్

చాలామంది మొదట చేసే పని ఇది, నేను ఐదోది చేశాను. ఎందుకంటే మీరిచ్చిన నోటిఫికేషన్ అనుమతిని స్కానర్ తప్పు కింద లెక్కవేయదు. "స్కాన్ చేస్తే ఏమీ లేదంది, ప్రకటనలు మాత్రం ఆగలేదు" అని తల పట్టుకునేది అందుకే.

విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. మొదట ఫుల్ స్కాన్. తర్వాత అక్కడే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్. ఇది కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. అందువల్ల దాక్కున్నవి కూడా చిక్కుతాయి. సుమారు 15 నిమిషాలు పడుతుంది. తెరచిన ఫైళ్లన్నీ ముందే సేవ్ చేసుకోండి.

అక్కడే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్‌లో, అవసరంలేని యాప్‌లను ఆపే బటన్ ఉంటుంది. ఆన్‌లో ఉందో లేదో చూడండి. యాడ్‌వేర్ (ప్రకటనలు చూపించడానికే దిగే ప్రోగ్రామ్) చాలావరకు "వైరస్" లెక్కలోకి రాదు, ఈ "అవసరంలేని యాప్" లెక్కలోకే వస్తుంది.

డిఫెండర్ తర్వాత రెండో కన్నుగా మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్ వాడండి. ఉచితం, చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, ప్రత్యేకంగా యాడ్‌వేర్ కోసమే చేసింది. కానీ గూగుల్‌లో ఆ పేరు కొట్టగానే పైన వచ్చేదాని మీద నొక్కకండి. "స్పాన్సర్డ్" అని రాసున్నది ప్రకటన. మాల్‌వేర్‌బైట్స్ సొంత సైటు నుంచే దించండి. దొంగను పట్టడానికి వెళ్లి ఇంకో దొంగను ఇంటికి తెచ్చుకున్నవాళ్లను చూశాను. స్కాన్ అయ్యాక జాబితా చదవండి. మీరు కావాలని పెట్టుకున్నది అందులో ఉంటే టిక్కు తీసి, మిగతావి క్వారంటైన్ చేయండి, అంటే విడిగా బంధించి పెట్టండి.

రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపకండి. ఒకదాన్నొకటి అనుమానించుకుని కంప్యూటర్‌ని నత్తలా చేస్తాయి. ఇక క్రోమ్‌లోనే క్లీనప్ టూల్ ఉందని పాత వీడియోలు చెబుతాయి, నమ్మి వెతకకండి. 2023లోనే దాన్ని తీసేశారు.

6. బ్రౌజర్ రీసెట్, దాని ముందు సింక్

మొండి రోగం ఇక్కడే కుదురుతుంది, కానీ వరస తప్పితే కుదరదు.

రాయగడలో మా బావ లాప్‌టాప్‌ని ఒక షాపులో ఇస్తే, వాళ్లు నేరుగా ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. పెళ్లి ఫొటోలు కూడా పోయాయి. ఇంటికి తెచ్చి క్రోమ్‌లో తన అకౌంట్‌తో లాగిన్ అయ్యాడు. సాయంత్రానికి అవే ప్రకటనలు! ఎక్స్‌టెన్షన్ గూగుల్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంది. లాగిన్ కాగానే సింక్ (అకౌంట్‌లో ఉన్నవాటిని అన్ని కంప్యూటర్లలోకీ తెచ్చేది) దాన్ని జాగ్రత్తగా మళ్లీ తెచ్చి పెట్టింది. ఇంట్లో ఇంకో కంప్యూటర్లో అదే అకౌంట్ ఉంటే అక్కడినుంచి కూడా వస్తుంది.

అందుకే ఈ వరస:

మొదట ఇంట్లో ఉన్న అన్ని కంప్యూటర్లలోనూ ఆ ఎక్స్‌టెన్షన్ తీసేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో సింక్ ఆపండి. అప్పుడు సెట్టింగ్స్, రీసెట్ సెట్టింగ్స్, రిస్టోర్ నొక్కండి. బుక్‌మార్కులు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డులు పోవు. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోతాయి, సైట్లలో మళ్లీ లాగిన్ కావాలి. రెండు రోజులు బాగుంటే అప్పుడు సింక్ తిరిగి పెట్టండి.

మూడు చుక్కలు నొక్కినప్పుడు జాబితా అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉందా? ఇంటి కంప్యూటర్లో అలా ఉండడానికి రెండు కారణాలు. మీ యాంటీవైరస్ పెట్టి ఉండవచ్చు, అది మంచిదే. లేదా యాడ్‌వేర్ తానే ఆఫీసు పెద్దమనిషినని క్రోమ్‌ని నమ్మించి ఉండవచ్చు. రెండోదైతే యాడ్‌డబ్ల్యూక్లీనర్ సెట్టింగ్స్‌లో క్రోమ్ పాలసీలను రీసెట్ చేసే ఆప్షన్ ఉంది. అది పెట్టి మళ్లీ స్కాన్, రిపేర్ చేయండి. వీడియోలు చూసి రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోటు) చేయి పెట్టకండి. అక్కడ ఒక్క గీత తప్పు తీసేసినా విండోస్ లేవకపోవచ్చు.

7. ఇంకా ఆగకపోతే

డెస్క్‌టాప్ మీద బ్రౌజర్ బొమ్మపై కుడి బటన్, ప్రాపర్టీస్, షార్ట్‌కట్. "టార్గెట్" గడి చివర బ్రౌజర్ పేరు, డాట్ ఈఎక్స్‌ఈ, మూసే కొటేషన్ గుర్తు ఉండాలి. ఆ తర్వాత ఏదైనా సైటు పేరు తగిలించి ఉంటే చెరిపేయండి. సులువైన దారి: ఆ బొమ్మ డిలీట్ చేసి కొత్తది పెట్టుకోండి.

విండోస్ సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ. మన ఇంటర్నెట్‌ని మధ్యలో ఇంకో కంప్యూటర్ గుండా మళ్లించేది ఇది. ఇంట్లో మామూలుగా ప్రాక్సీ సర్వర్ ఆఫ్‌లోనే ఉండాలి.

అదే వైఫైలో ఉన్న ఫోన్లలోనూ అవే ప్రకటనలు వస్తున్నాయా? హాట్‌స్పాట్‌కి మార్చగానే మాయమవుతున్నాయా? అయితే తప్పు రౌటర్‌ది. దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. కనెక్షన్ ఇచ్చిన లైన్‌మ్యాన్‌ని పక్కన కూర్చోబెట్టుకునే చేయండి, లేకపోతే ఇంటర్నెట్టే రాదు.

పోయిందో లేదో ఎలా తెలుస్తుంది

ప్రకటన రాలేదని వెంటనే పండగ చేసుకోకండి. రీస్టార్ట్ చేయండి. బ్రౌజర్ తెరిచి మీరు పెట్టుకున్న పేజీయే వస్తుందా చూడండి. పై గడిలో "పర్లాకిమిడి వాతావరణం" అని కొట్టండి, ఫలితాలు మీరు ఎంచుకున్న సెర్చ్ ఇంజిన్‌లోనే రావాలి, మధ్యలో వేరే పేరు మెరిసి మాయమైతే ఇంకా ఉన్నట్టే. ఎక్స్‌టెన్షన్ల పేజీ, నోటిఫికేషన్ల జాబితా మళ్లీ తెరిచి, మీరు రాసుకున్న కాగితంతో పోల్చండి. తీసేసిన పేరు తిరిగి వచ్చిందంటే దాన్ని తెచ్చే ప్రోగ్రామ్ ఇంకా లోపలే ఉంది. మూడు, నాలుగు మెట్లు మళ్లీ చేయండి. ఇదే పరీక్ష మూడో రోజున ఇంకోసారి చేయండి.

తెర నిండా ఎర్రగా వచ్చి సైరన్ మోగితే

ఇది వేరే జాతి. తెర అంతా నిండిపోయి, "కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటుంది. టెన్షన్ పడకండి, ఏదీ లాక్ కాలేదు, అది ఉత్త వెబ్ పేజీ. ఎస్కేప్ కీ కాసేపు నొక్కిపట్టండి. లొంగకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు "పాత పేజీలు తెరవమంటారా" అంటే వద్దనండి.

ఆ నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి. ఇప్పటికే చేసి, వాళ్లు చెప్పిన యాప్ పెట్టి, మీ తెర వాళ్లకు చూపించి ఉంటే ముందు ఇంటర్నెట్ ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఒడిశాలో ఉన్నా ఆంధ్రాలో ఉన్నా నంబరు అదే. పాస్‌వర్డులు ఇంకో మెషీన్ నుంచి మార్చుకోండి. సిగ్గుపడి దాచుకోవద్దు, ఎంత ఆలస్యమైతే డబ్బు వెనక్కి రావడం అంత కష్టం.

మళ్లీ రాకుండా

సరిహద్దులో ఉన్న మనకు పొలం అటో ఇటో ఉంటుంది. ఒడిశా వైపు పట్టాకి భూలేఖ్, పాతపట్నం వైపు దానికి మీభూమి వెతుకుతాం. వెతికినప్పుడు పైన అచ్చం అలాగే కనబడే సైట్లు వస్తాయి, "వివరాలు చూడాలంటే అలౌ నొక్కండి" అంటాయి. ప్రభుత్వ రికార్డు చూడటానికి ఆ అనుమతి అవసరమే లేదు. అడ్రసు చివర డాట్ గవ్ డాట్ ఇన్ లేదా డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్ ఉందో లేదో చూసి, నిజమైనదాన్ని బుక్‌మార్క్ చేసుకోండి. పిల్లల పరీక్ష ఫలితాల రోజున కూడా ఇదే తంతు.

ఇంట్లో ఇంకా విండోస్ 7 ఉంటే దానికి 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయింది, కొత్త క్రోమ్ కూడా దానిమీద ఎక్కదు. పాటలకు వాడుకోండి, డబ్బు పనులకు వద్దు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. కంప్యూటర్ తట్టుకుంటే 11కి మారండి.

అన్ని మెట్లూ రెండుసార్లు చేసినా తగ్గలేదంటే అప్పుడు ఫార్మాట్ తప్పదు. షాపుకి ఇచ్చే ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు, వీడియోలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఇన్‌స్టాలర్లు ఒక్కటి కూడా వద్దు, ఆ ఫాంట్లది అస్సలు వద్దు. పెన్‌డ్రైవ్ వేరే కంప్యూటర్లో తెరిచి ఫొటోలు కనబడుతున్నాయో లేదో చూసుకున్నాకే లాప్‌టాప్ షాపు బల్ల మీద పెట్టండి.